ఇన్‌ఫ్లిక్సిమాబ్ పట్టు తప్పింది: మందు మార్చే ముందు తేల్చుకున్నవి

పేగుల్లో ఏళ్ల తరబడి వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధికి నేను వాడింది ఇన్‌ఫ్లిక్సిమాబ్. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 0, 2, 6 వారాల్లో, ఆ తర్వాత 8 వారాలకోసారి సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ను, అంటే రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్‌ను, అది పట్టి కట్టేస్తుంది. క్షయ క్రిములను ఒకచోట బంధించి ఉంచేది కూడా ఆ టీఎన్‌ఎఫే. అందుకే మొదటి డోసుకు ముందే క్షయ పరీక్ష తప్పనిసరి.

కొన్నాళ్లు బాగుండి విరేచనాలు తిరగబెట్టాయి. ఇలాంటప్పుడు వెంటనే మందు మార్చేయడం పొరపాటు. ముందు మలపరీక్షలో ఇన్‌ఫెక్షన్, ముఖ్యంగా సీ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా, లేదని తేలాలి. దాంతోపాటే పేగు వాపును పట్టించే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మలంలో ఎంతుందో చూడాలి. గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే పేగులో వాపు రగులుతూ ఉండొచ్చు. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడినా ఈ అంకె పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

తర్వాత రక్తంలో మందు స్థాయి. నమూనా తీయాల్సింది తర్వాతి డోసు ఎక్కించే ముందే. ఎక్కించాక తీస్తే అంకె ఘనంగా కనిపించి అసలు లోటు బయటపడదు. మందు తక్కువై, దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు లేకపోతే డోసు పెంచుతారు, లేదా వ్యవధి తగ్గిస్తారు. యాంటీబాడీలు బాగా పెరిగి ఉంటే డోసు పెంచినా వృథాయే, టీఎన్‌ఎఫ్‌ను ఆపే మరో మందు చూస్తారు.

నాకు మందు స్థాయి నిండుగా ఉంది, యాంటీబాడీలు లేవు, అయినా కాల్‌ప్రొటెక్టిన్ తగ్గలేదు. అంటే టీఎన్‌ఎఫ్‌ను కట్టేసినా వాపును మరో దారి నడిపిస్తోందన్నమాట. అనుమానం ఎక్కువగా ఐఎల్-23 (ఇంటర్‌ల్యూకిన్-23) అనే మరో సైటోకైన్ మీదికి పోతుంది. టీహెచ్17 అనే రోగనిరోధక కణాలను నిలబెట్టి రెచ్చగొట్టేది అదే. అలాగని ఆ కణాలు వదిలే ఐఎల్-17ను ఆపితే సరిపోతుందనుకుంటే పొరబాటే: పేగు లోపలి పొరను కాపాడడంలో ఐఎల్-17కూ పాత్ర ఉంది, దాన్ని అడ్డుకునే సెక్యుకినుమాబ్ క్రోన్స్‌లో మేలు చేయలేదు, కొందరికి కీడే చేసింది. నన్నడిగితే ఈ వ్యాధిలో ఏ సైటోకైన్‌ను ఆపుతున్నామన్నదే అసలు ప్రశ్న.

అందుకే ఉస్టెకినుమాబ్‌కు మారాను. ఐఎల్-12, ఐఎల్-23 రెండింటిలోనూ ఉండే పీ40 భాగాన్ని అది పట్టుకుంటుంది. మొదటి డోసు నరంలోకి, 55 నుంచి 85 కిలోల మధ్య బరువుంటే 390 మిల్లీగ్రాములు, కనీసం గంటసేపు. ఎనిమిది వారాలకు చర్మం కిందికి 90 మిల్లీగ్రాములు. సిరంజిని ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి బయట ఉంచాలి, ఊపకూడదు.