పిల్లలు లేని మేనత్తకు ఒక దోసెడు నీళ్ళు

తర్పణం ముగింపుకు వచ్చాక, పవిత్రం (వేలికి పెట్టుకున్న దర్భ ఉంగరం) విప్పే ముందు ఈ శ్లోకం చదువుతారు:

యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః ।
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్ ॥

మన వంశంలో పుట్టి, సంతానం లేకుండా కాలం చేసినవాళ్ళు ఎవరెవరున్నారో వాళ్ళందరూ నేను బట్ట పిండి వదులుతున్న ఈ నీళ్ళు స్వీకరించాలి అని దాని భావం. ఇది చదువుతూ తడి ఉత్తరీయం అంచు మడిచి పిండుతారు. పళ్ళెంలోకి కాదు, నేల మీదికి. అందుకే స్నానం చేసిన బట్టను తర్పణానికి ముందు పిండకూడదంటారు. ముందే పిండేస్తే వాళ్ళకు చెందాల్సినది అప్పుడే పోయినట్టు. సముద్రస్నానం చేసి ఒడ్డెక్కగానే అలవాటుకొద్దీ పంచె పిండేసుకునేవాళ్ళు ఎందరో. ఇంట్లో పొడిబట్టతో చేసేవాళ్ళు అంచొక్కటి తడుపుకుంటే సరిపోతుంది.

తలచుకునే దిక్కు లేనివాళ్ళను కూడా వదలకూడదన్న దయ ఈ శ్లోకంలో ఉంది. కానీ ఇది పేర్లు తెలియనివాళ్ళ కోసం. పెళ్ళి మాటెత్తకుండా తమ్ముళ్ళను చదివించిన పెదనాన్న, పుట్టింటికి తిరిగొచ్చి అన్నదమ్ముల పిల్లలందరికీ పురుడు దగ్గర్నుంచి చదువుల దాకా చూసిన మేనత్త, వీళ్ళు మనకు తెలియనివాళ్ళు కారు. వాళ్ళ పేరు మనకు గుర్తున్నంత కాలం వాళ్ళను ఈ చివరి వరుసలో నిలబెట్టనక్కర్లేదు. పేరు పెట్టి పిలిచి నీళ్ళు వదిలే చోటు మహాలయ పక్షంలో ఉంది. దాన్ని సర్వకారుణ్య తర్పణం అంటారు. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా ఆ పక్షం.

ముందు నాన్న, తాత, ముత్తాత. తర్వాత అమ్మ, నాయనమ్మ, తాతమ్మ. ఆపైన అమ్మ పుట్టింటివైపు మూడు తరాలు. అక్కడితో అయిపోయిందనుకుని చాలామంది లేచిపోతారు. నిజానికి వరుస ఇంకా ఉంది: భార్య, కొడుకు, అన్నదమ్ములు, పెదనాన్న, బాబాయి, మేనమామ, కూతురు, అక్కచెల్లెళ్ళు, మేనల్లుడు, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, అల్లుడు, కోడలు, అత్తమామలు, బావమరిది, చదువు చెప్పిన గురువు, చివరికి స్నేహితుడు కూడా. అందరూ కాలం చేసినవాళ్ళే అయి ఉండాలి. ఇది చెప్పక్కర్లేని మాటలా కనిపిస్తుంది గానీ, అమావాస్యనాడు బీచ్‌లో ఒకే పురోహితుడి ముందు ఇరవై మంది కూర్చుని గబగబా చేసేటప్పుడు, ఆయన ‘మాతులం’ అనగానే బతికున్న మేనమామ పేరు చెప్పేసేవాళ్ళు ఉంటారు. వరుస ముందే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకెళ్ళండి. తడి చేతులతో ఫోన్ చూడటం కుదరదు.

ఒక్కొక్కరికీ చెప్పాల్సినవి నాలుగే: బంధుత్వం, గోత్రం, పేరు, రూపం. మేనత్తకైతే ‘అస్మత్ పితృభగినీం’ అని మొదలుపెట్టి, గోత్రం, పేరు చెప్పి, ‘వసురూపాం స్వధా నమస్తర్పయామి’ అంటారు. నాన్న వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. పై వరుసలో భార్య మొదలుకుని స్నేహితుడి దాకా ఉన్న కారుణ్య పితృదేవతలంతా వసురూపమే. మగవాళ్ళకు మూడేసిసార్లు నీళ్ళు. ఆడవాళ్ళలో అమ్మ, నాయనమ్మ, తాతమ్మ వంటివారికి మూడుసార్లు, మిగతావాళ్ళకు చాలా ఇళ్ళలో ఒక్కసారే. మీ ఇంటి ఆచారం వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ఎక్కువ తప్పులు జరిగేది గోత్రం దగ్గర. మేనమామ గోత్రం మనది కాదు, అమ్మ పుట్టింటిది. పిన్నిది ఆమె భర్త గోత్రం. పెళ్ళికాని మేనత్తది మన గోత్రమే. పెళ్ళయిన మేనత్తది మాత్రం అత్తింటి గోత్రం, పెళ్ళయిన ఏడాదికే వచ్చేసి జీవితమంతా మన వంటింట్లోనే గడిపినా సరే. ఈ ఒక్క మాట దగ్గర కొందరికి మనసు ఒప్పదు. ‘ఆమెకు వాళ్ళు ఏం చేశారని ఆ గోత్రం?’ అంటారు. ఆ బాధ న్యాయమైనదే. అయినా నీళ్ళు వదులుతున్నది మన చెయ్యి, ముందు చెప్పే బంధుత్వం మనది. ఎంత వెతికినా గోత్రం దొరక్కపోతే కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం.

పేరు కూడా అనుకున్నంత తేలిక కాదు, ముఖ్యంగా మన ఉత్తరాంధ్రలో. సింహాచలం అప్పన్నస్వామి పేరు పెట్టని ఇల్లు ఉండదు. ఒకే ఇంట్లో అప్పలనరసయ్య, అప్పలరాజు, అప్పలకొండ ఉంటారు. సింహాచలం అన్న పేరు మగవాళ్ళకూ ఉంటుంది, ఆడవాళ్ళకూ ఉంటుంది. ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు కాబట్టి ‘బుల్లెమ్మత్త’, ‘చిట్టిబాబాయి’ అన్న పిలుపులే మిగులుతాయి. ఆ తరం వెళ్ళిపోయాక అడగడానికి మనిషి ఉండడు. అప్పుడు వెతకాల్సినవి పాత శుభలేఖలు, రేషన్ కార్డు, స్థలం దస్తావేజులు, బీమా కాగితాలు, పోర్టులోనో షిప్‌యార్డులోనో రైల్వేలోనో చేసినవాళ్ళయితే పింఛను పుస్తకం.

తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉంది. తెలిస్తే ఆ పక్షంలో అదే తిథినాడు చేయడం మేలు. సుమంగళిగా పోయినవాళ్ళకు అవిధవ నవమి. ప్రమాదాల్లో, ఆయుధాలవల్ల పోయినవాళ్ళకు చతుర్దశి. సన్న్యాసులకు ద్వాదశి. పోయి ఏడాది నిండనివాళ్ళను మాత్రం చాలా ఇళ్ళలో మహాలయంలో కలపరు. సాంవత్సరీకం (మొదటి ఏడాది తద్దినం) అయ్యాకే.

మరణ ధ్రువపత్రం మీద తేదీ ఉంటుంది, తిథి ఉండదు. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తిథి ఏ వేళలోనైనా మారవచ్చు. కాబట్టి తేదీ ఒక్కటీ పట్టుకుని పంచాంగం తీస్తే రెండు తిథులు ఎదురవుతాయి. ఆస్పత్రి కాగితంలో ప్రాణం పోయిన వేళ రాసి ఉంటుంది, దాన్ని పారేయకండి. తద్దినానికి ఇంకో లెక్క ఉంది: పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం, ఆ వేళకు తిథి ఉన్న రోజే తద్దినం. సెప్టెంబరు చివరలో విశాఖలో అది సుమారు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడుంపావు దాటేదాకా. హైదరాబాదులో సూర్యోదయం మనకంటే సుమారు ఇరవై నిమిషాలు ఆలస్యం. అక్కడి పంచాంగం చూసేవాళ్ళు తిథి అంచుల్లో ఉన్నప్పుడు ఇది సరిచూసుకోవాలి.

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. నల్లనువ్వులు యాభై గ్రాములుంటే ముప్పై పేర్లకు వస్తాయి. దర్భలు చిన్న కట్ట, రాగి లేదా ఇత్తడి చెంబు, వెడల్పాటి పళ్ళెం. నువ్వులూ దర్భలూ విశాఖ పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయి. పితృకార్యానికి పవిత్రం మూడు దర్భలతో చేసి కుడిచేతి ఉంగరపు వేలికి పెట్టుకోవాలి. జంధ్యం ఉన్నవాళ్ళు కుడిభుజం మీదికి మార్చుకోవాలి. దక్షిణముఖంగా కూర్చుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్ళు జారేలా దోసిలి కుడివైపు వంచాలి. వేళ్ళ చివరల నుంచి వదిలితే అది దేవతలకు వదిలే పద్ధతి. అలసిపోయి చేతులు ముందుకు వాలినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. నువ్వులు గుప్పెడు ఒకేసారి తీసుకుంటే తడికి ముద్దకట్టి మొదటి ఇద్దరితోనే అయిపోతాయి. ప్రతి పేరుకూ చిటికెడు చాలు. పళ్ళెంలో నీళ్ళు సింకులో పారబోయకుండా ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయండి. అపార్టుమెంటులో పెద్ద కుండీ ఉన్నా ఫరవాలేదు. తండ్రి ఉన్నవాళ్ళు ఈ తర్పణం చేయరు. వాళ్ళు స్వయంపాకం (వండుకోవడానికి బియ్యం, పప్పు, కూరలు) దానం ఇవ్వవచ్చు.

విశాఖ ఆర్‌కే బీచ్‌లో చేసేవాళ్ళు ఒకటి గమనించాలి. సముద్రానికి ఎదురుగా కూర్చుంటే అది దక్షిణం కాదు, ఆగ్నేయం. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది. ఎదురుగా ఉన్న సముద్రానికీ, కుడిపక్క డాల్ఫిన్ నోస్ కొండకూ సరిగ్గా మధ్యకు తిరిగితే దక్షిణం. అమావాస్యకు పోటు ఎక్కువ. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, కెరటం వెనక్కి లాగే బలం కూడా ఎక్కువ. మోకాలి లోతు దాటకండి, పిల్లలను, పెద్దవాళ్ళను తడి ఇసుక మీదే ఉంచి చెంబుతో స్నానం చేయించండి. సంగమంలో చేయాలనుకునేవాళ్ళకు గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి ఉంది.

ఇంతకీ, ఆ నాలుగు మాటల్లో మనిషి జీవితం ఎక్కడ? మేనత్త చేతి కంద పులుసు, తెల్లవారకముందే ఆమె పాడుకునే మేలుకొలుపు, బాబాయి పాత రేడియోలు విప్పి బాగుచేసే పిచ్చి, పిల్లల ఫీజుల కోసం ఆయన చేసిన ఓవర్‌టైము, వీటికి మంత్రంలో చోటు లేదు. కానీ విస్తట్లో ఉంది, దానంలో ఉంది. తద్దినం వంటలో పోయినవాళ్ళకు ఇష్టమైనది ఒకటి చేయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అరటికాయ, కంద, చేమదుంప, పెసరపప్పు, మినపగారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి ఎలాగూ ఉంటాయి. వాటిలో ఆమె చేసే తీరున ఒకటి చేయండి: పులుసులో బెల్లం ఎంత వేసేదో, గారెలో మిరియం పొడి కొట్టేదో, గింజగానే వేసేదో అడిగి తెలుసుకుని. ఆయనకు ఉల్లిపాయ పకోడీ ఇష్టమని ఆ రోజు పొయ్యి మీద ఉల్లి పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి, మునగ ఆ వంటకు పనికిరావు. దానికి వేరే రోజుంది.

ఆ వేరే రోజు సంక్రాంతి. ఉత్తరాంధ్రలో అది పెద్దల పండగ. తర్పణం అలవాటు లేని ఇళ్ళు కూడా ఆ రోజు పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, ఇష్టమైనవన్నీ వండి విస్తరి వేసి, దణ్ణం పెట్టాకే తాము తింటారు. ఇక్కడ గోత్రం అడిగేవాళ్ళు లేరు. చిట్టిబాబాయి అని పిలిస్తే చాలు. ఈ ఆచారాన్ని తక్కువగా చూసేవాళ్ళ మాట పట్టించుకోవద్దు. మనిషిని మనిషిగా గుర్తుపెట్టుకోవడంలో ఇది దేనికీ తీసిపోదు.

దానం కూడా మనిషిని బట్టి ఉంటే బాగుంటుంది. స్వయంపాకం ఒకరికి సరిపడా అంటే కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు, వంద గ్రాముల నెయ్యి, బెల్లం, చింతపండు, ఉప్పు, రెండు మూడు రకాల కూరలు, పైన దక్షిణ. కూరల్లో ఆమెకు ఇష్టమైన కంద ఒక ముక్క పెట్టండి. దానికి తోడు, పిల్లల చదువు కోసం తపించినవాళ్ళయితే ఒక పిల్లాడి పుస్తకాల ఖర్చు, గోశాలకు వెళ్ళే అలవాటున్నవాళ్ళయితే గడ్డి.

ఇవన్నీ నిలవాలంటే ఒక నోటుపుస్తకం కావాలి, మనిషికొక పేజీ. అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు, పుట్టింటి గోత్రం, మెట్టినింటి గోత్రం, మాసం, పక్షం, తిథి, పోయిన వేళ, ఊరు. కింద ఇష్టమైన వంట, చేసిన పని, ఎవరిని పెంచారు, ఎవరి పెళ్ళికి ఏం పెట్టారు. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో మహాలయ అమావాస్య 2025లోలాగా సెప్టెంబరు 21న కాకుండా అక్టోబరు 10, శనివారం నాటికి మారింది. ఇలా తేదీలు మారిపోతూ ఉంటాయి గనుక పేజీలో తిథే ముందు రాసుకోండి, తేదీ తర్వాత. ఇంట్లో ఎనభై దాటిన పిన్నో అత్తో ఉంటే మొదట ఆమె దగ్గరే కూర్చోండి. పిల్లలు లేనివాళ్ళ పేజీలు ముందు నింపండి, మిగతావాళ్ళ వివరాలు చెప్పడానికి వాళ్ళ పిల్లలు ఉన్నారు.