నాలుగింటికే లంగరు

ఏడు రాత్రులు పడవలోనే పడుకుంటూ తిరిగే యాత్ర. ఎక్కిన రెండో రోజు సాయంత్రం నాలుగు కాకముందే లంగరు గొలుసు గలగలమంటూ నీళ్ళలోకి దిగింది. మాల్దీవుల్లో వావు అటోల్ (పగడపు దిబ్బల వలయం), దాని లోపలి నీళ్ళలో, ఒక లగూన్ మధ్య. ఎండ ఇంకా నిండుగా ఉంది, పొద్దు గూకడానికి రెండు గంటల పైనే టైముంది. పై డెక్ మీద సగం మంది మొహాలు మాడిపోయాయి. మనిషికి రెండు వేల డాలర్లు పోసి వచ్చింది తిరగడానికా, ఒకచోట నిలబడడానికా అని మియాపూర్ నుంచి వచ్చిన ఒకాయన పైకే అనేశారు. అడిగింది న్యాయమే. బ్రోషర్‌లో సూర్యాస్తమయంలోకి దూసుకుపోతున్న పడవ బొమ్మే ఉంటుంది.

పడవ నడిపే సరంగుకి అరవై దాటి ఉంటాయి. హిందీ బాగానే మాట్లాడతాడు. ఆయన కోప్పడలేదు, ఆ పెద్దమనిషిని స్టీరింగ్ దగ్గరికి పిలిచి, "పడమటి వైపు చూడండి సాబ్, నీళ్ళలో ఏం కనిపిస్తోంది?" అన్నాడు. ఏమీ కనిపించడం లేదు. వెండి రేకు పరిచినట్టు మెరుపు తప్ప. "ఇప్పుడు వెనక్కి తిరగండి" అన్నాడు. తూర్పున అదే సముద్రం మూడు రంగులుగా విడిపోయి ఉంది. ముదురు నీలం అంటే లోతు. లేత ఆకుపచ్చ నీలం అంటే కింద ఇసుక. గోధుమ రంగు మచ్చ అంటే పగడపు దిబ్బ, పడవ అడుగు చీరేసేది అదే. ఎండ వీపు మీద పడుతుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది, మొహం మీద కొడితే గుడ్డితనమే. జీపీఎస్ ఉంది, లోతు కొలిచే సౌండర్ ఉంది. కానీ సౌండర్ చెప్పేది పడవ కిందున్న లోతు, ముందున్నది కాదు. ద్వీపాల్ని చూసి గుర్తుపడదామన్నా దూరం నుంచి కొబ్బరి చెట్ల కొసలే కనిపిస్తాయి. ఈ దేశం మొత్తంలో సహజంగా ఎత్తైన నేల రెండున్నర మీటర్లు కూడా లేదు, మన ఇంటి స్లాబు కంటే తక్కువ.

అందుకే దిబ్బలకి వాళ్ళ భాషలో ఇన్ని పేర్లు. నీటి పైకి తేలి కనిపించేది ఫరు. కొద్ది అడుగుల లోతులోనే దాక్కున్నది గిరి. ఇంకా కిందకి ఉండి, డైవర్లు వెతుక్కుంటూ వెళ్ళేది తిల. అటోల్ గోడలో సముద్రపు నీళ్ళు లోపలికీ బయటికీ పారే సందు కందు. అటోల్ అన్న మాట ప్రపంచానికి ఇచ్చిందే వాళ్ళ ధివేహి భాష. మన దోనె, వాళ్ళ ధోని చుట్టాలే. యాట్ వెనకాలే ఆ ధోని వస్తూ ఉంటుంది. ఆక్సిజన్ అని మనం పొరపాటున పిలిచే గాలి సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసర్, తడి సామానూ అన్నీ దాంట్లోనే. ఆ మోత, డీజిల్ వాసన మనం పడుకునే పడవలోకి రావు. పడవ బుక్ చేసేటప్పుడు ధోని విడిగా ఉందా లేదా అని అడగాలి. బాత్‌రూమ్ పాలరాయి గురించి తర్వాత అడగొచ్చు.

ఆ సాయంత్రం అసలు ఆశ్చర్యం ఇంకొకటి. గాలి ఎప్పుడు తగ్గుతుందని అడిగితే సరంగు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మూల, ఫురహళ, ఉతురహళ, హువన్, దినష. ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, శ్రవణం, ధనిష్ఠ. మన కార్తెలు! వాళ్ళు నకై అంటారు. ఏడాదికి 27, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. డిసెంబర్ 10 ప్రాంతంలో మూలతో ఈశాన్యపు గాలి కాలం మొదలు, దాని పేరు ఇరువై. సంక్రాంతి నాటికి వాళ్ళకి ఉతురహళ నడుస్తుంటుంది. మన ఉత్తరాషాఢ కార్తె దానికి నాలుగైదు రోజులు వెనక. రోణు అంటే రోహిణి, మియహెలి అంటే మృగశిర. మృగశిర కార్తె రోజు హైదరాబాద్ అంతా చేపల కోసం రాంనగర్ మార్కెట్ మీద పడుతుంది కదా, ఆ కార్తె పేరుతోనే వీళ్ళు చేపల వేటకి పడవ తియ్యాలో వద్దో చూసుకునేవాళ్ళు. సముద్రం లేని ఊరి నుంచి వచ్చి, నడిసముద్రంలో మన రైతుల లెక్క వినడం మామూలు సంతోషం కాదు.

ఈ లెక్క టికెట్ కొనేవాళ్ళకి నేరుగా పనికొస్తుంది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం అని అందరూ రాస్తారు, నిజమే. కానీ క్రిస్మస్ నాటికి ఈశాన్యపు గాలి కొత్తగా ఎక్కి ఉంటుంది, ఆకాశం నీలంగా ఉన్నా నీళ్ళు కదులుతుంటాయి. పైగా ఆ వారం రేట్లు ఏడాదిలోకెల్లా ఎక్కువ. జనవరి మొదటి వారం దాటాక, మన సంక్రాంతి సెలవులకి, అవే పడవల రేటు దిగుతుంది. తిథి కూడా చూసుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్లు పెరుగుతాయి, కందుల్లో నీళ్ళ ఉరవడి పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. మేం ఎక్కింది బహుళ అష్టమి దగ్గర్లో, దిగేటప్పటికి అమావాస్య. మొదటి రోజు తీరిగ్గా ఈదినవాళ్ళే ఆఖరి రోజుల్లో కందు అంచున తాడు పట్టుకుని వేలాడారు. ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్ళు అష్టమి వారం మధ్యలో పడేట్టు బుక్ చేసుకోవడం మేలు.

కేబిన్ సంగతి. పై అంతస్తు, పెద్ద కిటికీ ఉన్నదానికి ఎక్కువ డబ్బు తీసుకుంటారు. కడుపు తిప్పే అలవాటున్నవాళ్ళకి అది డబ్బిచ్చి తెచ్చుకునే బాధ. ఎత్తు పెరిగే కొద్దీ ఊగుడు పెరుగుతుంది, ముక్కు వైపు వెళ్ళే కొద్దీ ఎగిరి పడటం పెరుగుతుంది. కింది డెక్‌లో సరిగ్గా మధ్య గది తీసుకోండి. మరీ వెనకది వద్దు, ఇంజన్ పక్కనే ఉంటుంది, ఏసీ కోసం జనరేటర్ రాత్రంతా తిరుగుతుంది. ఎవోమిన్ లాంటి మాత్ర వాంతి మొదలయ్యాక మింగితే లాభం లేదు, పడవ కదలడానికి గంటా రెండు గంటల ముందే పడాలి. మత్తుగా ఉంటుంది కాబట్టి అది వేసుకుని నీళ్ళలోకి దూకకూడదు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి. గట్టి సూట్‌కేసు మంచం కింద పట్టదు, మెత్తటి బ్యాగులే తీసుకెళ్ళండి. ప్లగ్గులు బ్రిటన్ తరహా, చదునుగా మూడు పిన్నులవి.

డబ్బు దగ్గర అందరం దెబ్బతిన్నాం. వెబ్‌సైట్‌లో 1500 డాలర్లు అని ఉంటే అది 1500 కాదు. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, 1650. ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ, 2025 జూలై నుంచి ఇదే రేటు. 1930 దాటింది. ఆపైన గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఏడు రాత్రులకి 84. మొత్తం 2014. విమానం ఎకానమీ టికెట్‌లో తిరుగు ప్రయాణపు పన్ను 50, ఎయిర్‌పోర్ట్ ఫీజు ఇంకో 50 డాలర్లు కలిసే ఉంటాయి. మన ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలో చూపించి సర్దుకోవచ్చు, ఆ రసీదు పారెయ్యకండి. వీసాకి మాత్రం పైసా ఖర్చు లేదు, దిగాక 30 రోజులకి ముద్ర వేస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు మాల్దీవుల ఇమిగ్రేషన్ వాళ్ళ ఇముగా ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. పూజకని చిన్న విగ్రహాలు పెట్టుకెళ్ళే అలవాటున్నవాళ్ళు ఇంట్లోనే ఉంచెయ్యండి, కస్టమ్స్ ఒప్పుకోదు. మందు సీసాలూ అంతే.

మూడో రోజు పొద్దున వావు నుంచి దక్షిణ అరి అటోల్‌కి దాటాం. నాలుగు గంటల పైన అడ్డు లేని బయటి సముద్రం. పడవ నేరుగా పడమరకి, కెరటం కుడి వెనక మూల నుంచి. పక్కలకి దొర్లుతూ పోతుంది, అలవాటయ్యాక ఉయ్యాలలాగే ఉంటుంది. పొద్దున్నే ఎందుకు బయల్దేరారో ఈసారి ఎవరూ అడగలేదు. అరి అంచు చేరేటప్పటికి సూర్యుడు వీపు వైపు, దిబ్బలన్నీ రంగులు విప్పుకుని కనిపించాయి.

అరికి వచ్చేది వేల్ షార్క్ అనే భారీ సొరచేప కోసం. ధిగురా నుంచి మామిగిలి దాకా అటోల్ బయటి గోడ వెంబడి ఏడాది పొడుగునా తిరుగుతాయి. ధోని పైకప్పు మీద ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి నీడ కోసం చూస్తారు. కేక వినపడ్డాక ఫిన్స్ (ఈతకి పాదాలకి తొడిగే రెక్కలు) వెతుక్కుంటే అయిపోయినట్టే. ఫిన్స్ తొడుక్కుని, మాస్క్ నుదుటికి పెట్టుకుని అంచున కూర్చుని ఉండాలి. మాస్క్ అద్దం లోపల బేబీ షాంపూ ఒక చుక్క రుద్ది కడిగితే ఆవిరి పట్టదు. దూకేటప్పుడు అరచెయ్యి మాస్క్ మీద అదిమి, చప్పుడు కాకుండా జారాలి. చేప తల వైపు అడ్డంగా వెళ్ళకూడదు, పక్కగా ఈదాలి. ఒంటికి మూడు మీటర్లు, తోకకి నాలుగు మీటర్ల దూరం నియమం, ఫ్లాష్ వాడకూడదు. మేం చూసినప్పుడు ఆ ఒక్క చేప చుట్టూ పన్నెండు పడవలు, ఎవడి ఫిన్ ఎవడి మొహానికి తగులుతోందో తెలియదు. అది మాత్రం తొందర లేకుండా తోక ఒక్కసారి ఆడించి లోతుకి దిగిపోయింది. మన గైడ్ మనల్ని మొదటి పడవల గుంపులోకి తోయకుండా రెండో రౌండ్ దాకా ఆగితే ప్రశాంతంగా చూడొచ్చు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

తిండి బఫే, దాని గురించి చెప్పేదేం లేదు. ఒక్క పొద్దుటి మస్ హుని, అంటే ట్యూనా కొబ్బరి కలిపినది తప్ప. వంటాయన హుని గొండి మీద కూర్చుంటాడు. పీటకి ముందు పళ్ళున్న ఇనప నాలుక, అచ్చం మన కొబ్బరి కోరే పీట. సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, నిమ్మరసం ముందు వేళ్ళతో గట్టిగా నలుపుతాడు, ఉల్లి మెత్తబడి నీరు వదిలేదాకా. తర్వాతే ట్యూనా పొరలు, ఆఖర్న కొబ్బరి. ముందే కొబ్బరి వేస్తే పాలు దిగి ముద్దవుతుందట. రోషితో తినాలి, మన పుల్కాకి దగ్గరి రుచి. శాకాహారులు చిరుతిళ్ళు తినే ముందు అడగండి, సమోసాలాంటివాటి లోపల కూడా ట్యూనానే ఉంటుంది.

తిరుగు ప్రయాణం అరి నుంచి మాలే వైపు ఈశాన్యానికి, అంటే గాలికి ఎదురు. ఈసారి దొర్లడం కాదు, ముక్కు లేచి దబ్బున పడటం. ముందు గదుల్లో సొరుగులు వాటంతటవే తెరుచుకుని మూసుకున్నాయి. ఆరు గంటలు. ఎనిమిదింటికి తీసి రెండింటికి చేర్చాడు సరంగు, ఎండ పడమటికి తిరిగి మళ్ళీ వీపు మీదకి వచ్చే వేళకి. డైవింగ్ చేసినవాళ్ళకి ఆ రోజంతా నీళ్ళు బంద్. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు ఉండాలి, లేకపోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైపైన ఈదడం) వాళ్ళకి ఆ బెడద లేదు.

దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్ళు ఈ రూటు అడగకండి. అప్పుడు నైరుతి గాలి, వాళ్ళ లెక్కలో అత, హిత, అంటే హస్త, చిత్త. వానలుంటాయి. కానీ ఆ గాలికి మాంటా రేలు (రెక్కల్లాంటి ఈపులున్న పెద్ద చేపలు) అటోళ్ళ తూర్పు వైపు చేరతాయి, బా అటోల్‌లో హనిఫారు బే మే నుంచి నవంబర్ దాకా వాటి చోటు. అక్కడ డైవింగ్ నిషిద్ధం, స్నార్కెలింగ్ ఒక్కటే. బా మీదుగా వెళ్ళే పడవ ఏదో చూసుకుని, అప్పుడు కూడా కింది డెక్, మధ్య గదే అడగండి.