కొబ్బరి నీళ్ల మీద కట్టిన పొర

మా ఉద్దానంలో ఎండు కొబ్బరి కోసం కాయలు కొట్టిన రోజు పెరడంతా పులిసిన వాసన. ఆ ముదురు నీళ్లు ఎవరూ తాగరు. తాగినా ఎన్నని తాగుతారు? అన్నీ మట్టిపాలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా తోట సగం పోయింది. అప్పట్నుంచి నాన్న ప్రతి కాయా లెక్కపెడతాడు, నీళ్ల లెక్క మాత్రం ఆయన దగ్గరా లేదు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు దేనిమీద చేస్తావని మేడమ్ అడిగితే, ఆలోచించకుండానే కొబ్బరి నీళ్లనేశాను. “అయితే సెల్యులోజ్ చెయ్యి” అన్నారు.

సెల్యులోజ్ అంటే పత్తి, జనపనార, కాగితం అనే నాకు తెలుసు. చెట్టూ చేమా లేకుండా బాక్టీరియా కూడా దాన్ని చేస్తుంది. దాని పేరు కొమగాటైబాక్టర్ జైలినస్. పాత పుస్తకాల్లో అసిటోబాక్టర్ జైలినమ్ అని ఉంటుంది. వెనిగర్ మీద కట్టే జిగురు పొర సెల్యులోజేనని 1886లోనే బ్రౌన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తేల్చాడు. ఫిలిప్పీన్స్‌లో అయితే కొబ్బరి నీళ్ల మీద ఇదే పొర కట్టించి, ముక్కలు కోసి, పంచదార పాకంలో వేసుకుని తింటారు. నాటా డి కోకో అంటే అదే.

ఈ బాక్టీరియా కల్చర్‌ని, అంటే తోడులాంటి విత్తనాన్ని, సూక్ష్మజీవుల్ని భద్రపరిచి ఇచ్చే చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి తెప్పించాం. గాజు ఆంప్యూల్లో చిటికెడు పొడి. దాన్ని విరిచేటప్పుడు నా చెయ్యి వణికిన సంగతి మేడమ్ ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

మొదట ల్యాబులో హెస్ట్రిన్, ష్రామ్ అనే శాస్త్రవేత్తలు 1954లో ఇచ్చిన మీడియం, అంటే బాక్టీరియాకి తిండిగా పెట్టే ద్రావణం, వాడాను. లీటరు నీటికి గ్లూకోజ్ 20 గ్రాములు, పెప్టోన్ 5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, కొంచెం ఫాస్ఫేట్, కొంచెం సిట్రిక్ యాసిడ్, పీహెచ్ 6. ఈ బాక్టీరియాకి గాలి కావాలి కదా అని తెలివికి పోయి ఫ్లాస్కుల్ని షేకర్ మీద పెట్టాను. ఐదో రోజు చూస్తే పొర లేదు, సగ్గుబియ్యంలాంటి ఉండలు తేలుతున్నాయి. గిలక్కొడుతూ ఉంటే పొర కట్టదు, పైగా సెల్యులోజ్ చెయ్యడమే మానేసిన కణాలు పుట్టుకొచ్చి మిగతావాటిని మించిపోతాయట. కదపకుండా వదిలేస్తే, గాలి కోసం నీటి పైకి చేరి అక్కడే పొర కడుతుంది. రెండోసారి కదపలేదు, కట్టింది.

అసలు తిప్పలు వేసవి సెలవుల్లో ఇంటి దగ్గర మొదలయ్యాయి. ల్యాబు మూసేశారు. కొబ్బరి నీళ్లు ఇంటి దగ్గర కావలసినన్ని. బతికున్న కల్చర్‌ని సీసాలో పట్టుకుని బస్సెక్కాను. నీళ్లు వడకట్టి, మరిగించి, ముదురు నీళ్లలో తీపి చాలదు కాబట్టి లీటరుకి 50 గ్రాముల పంచదార, నత్రజని కోసం కొద్దిగా అమోనియం సల్ఫేట్ కలిపాను. చల్లారాక పదో వంతు కల్చర్ పోసి, ప్లాస్టిక్ ట్రేలకి గుడ్డ కట్టి హాల్లో పెట్టాను. మూడో రోజుకి పచ్చటి బూజు! ల్యాబులో పీహెచ్ 6 కదా అని ఇక్కడా అంతే ఉంచాను. ల్యాబులో అన్నీ స్టెరిలైజ్ చేసినవి, మా హాల్లో ఏముంటుంది? మళ్లీ మొదలుపెట్టి, అసిటిక్ యాసిడ్ చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్ కాగితం మీద 4.5కి దించాను. ఆ పులుపుకి బూజు చాలావరకు వెనక్కి తగ్గింది. మన బాక్టీరియా మాత్రం వెనిగర్లో పుట్టి పెరిగిన జాతి, దానికేం కాలేదు.

బూజు పోయింది కానీ పొర మాత్రం ఉల్లిపొరే. మే నెల, మధ్యాహ్నం హాల్లో 38 డిగ్రీలు. దానికి కావలసింది 28 నుంచి 30. కంగారుపడి గంటకోసారి గుడ్డ ఎత్తి చూస్తున్నాను. అమ్మమ్మ చూసి చూసి, “ఏటే, పెరుగు తోడేసి మాటిమాటికీ కదుపుతావేటి?” అని కసిరింది. ట్రేలు పెరట్లోని మట్టిగోడల పాకలోకి మార్పించింది. నేల మీద ఇసక పోసి, రెండు పూటలా తడిపి, దానిమీద ట్రేలు. థర్మామీటర్ 31 దాటలేదు.

ఏడో రోజు తమ్ముడు క్రికెట్ బ్యాటు కోసం పాకంతా వెతికి ఒక ట్రేని పక్కకి లాగాడు. పొర ఒక మూల ఒంగి మునిగిపోయింది. వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత చూస్తే పైన ఇంకో కొత్త పొర కట్టింది! మునిగినదానికి గాలి అందక అక్కడే ఆగిపోయింది, పైనున్న కణాలు మళ్లీ పని మొదలుపెట్టాయి. ఆ ట్రేని నా రిపోర్టులో ఫోటోతో సహా పెట్టాను, తమ్ముడి పేరు రాయలేదు.

పన్నెండో రోజుకి మిగతా ట్రేల్లో చిటికెన వేలంత మందం వచ్చింది. చేత్తో ఎత్తితే జారిపోతుంది, లేత తాటిముంజెలా. వాసన మాత్రం ఘాటు పులుపు. అమ్మ రుచి చూస్తానంది గానీ, ల్యాబు కల్చర్ కాబట్టి వద్దన్నాను.

కాలేజీ తెరిచాక కడగడం. పలచటి (0.1 నార్మల్) కాస్టిక్ సోడాలో 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే లోపల ఇరుక్కున్న కణాలు చచ్చి కరుగుతాయి. గోధుమరంగు పోయి పొర తెల్లబడింది. తర్వాత పీహెచ్ 7కి వచ్చేదాకా నీళ్లు మార్చడమే, అదే విసుగు. తడిగా 400 గ్రాములున్న ముక్క ఓవెన్లో ఆరాక 5 గ్రాములు కూడా తూగలేదు. మిగతాదంతా నీరే. ఒకసారి ఎండాక మళ్లీ నానబెట్టినా పాత మందానికి రాదు. పోగులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టేసుకుంటాయి.

ఎండిన షీటు ఒకటి ఇంటికి తెచ్చాను, ట్రేసింగ్ పేపర్లా ఉంది. అమ్మమ్మది పొందూరు. పెళ్లికి ముందు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నటి నూలు వడికిన చెయ్యి. ఈ బాక్టీరియా కూడా వడుకుతుందని చెప్పాను. ఒంటి పక్కన వరసగా ఉన్న రంధ్రాల్లోంచి సన్నటి పోగులు వదిలి, వాటిని కలిపి రిబ్బనులా పేనుతుంది, వెంట్రుకలో వెయ్యో వంతు మందం. అమ్మమ్మ షీటుని కిటికీ వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు గీకింది.

“పోగు కనపడదేటే. తెగితే ఎలగ తెలుస్తాది?”

దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి, మా కాలేజీలో లేదు. శాంపిల్ బయటికి పంపాం. ఫోటోలు ఇంకా రాలేదు, అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది.