ఆరేళ్ల కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్: పన్నెండు వేలలోపు నేను చేసుకున్న మార్పు

2018 దీపావళికి కరీంనగర్‌లో అసెంబుల్ చేయించుకున్న నా కంప్యూటర్‌లో బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డు, ఏఎండీ కంపెనీ రైజెన్ 3 1200 ప్రాసెసర్, ఒకే స్టిక్కుగా 8 జీబీ ర్యామ్ ఉండేవి. 2020 మొదట్లో పాత గ్రాఫిక్స్ కార్డు తీసేసి జీటీఎక్స్ 1660 సూపర్ వేయించాను. ఆఫీసు పని ముగిశాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి రెండు గంటలపాటు వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట ఆడుతూ, తెలుగులో మాట్లాడుతూ లైవ్ ఇవ్వడం నాకు నాలుగేళ్ల అలవాటు. చూసేవాళ్లు ముప్పై నలభై మందే అయినా దాదాపు అందరూ రోజూ వచ్చేవాళ్లు. అలాంటివాళ్లు "అన్నా, బొమ్మ ఆగి ఆగి వస్తోంది" అని పదే పదే రాస్తుంటే, వాళ్ల సమయానికి నేను విలువ ఇవ్వడం లేదేమోనన్న బాధ కలిగేది. అందుకే 2025 జనవరిలో పన్నెండు వేల రూపాయలు పక్కన పెట్టి, ఈ సమస్య సంగతి తేల్చాలనుకున్నాను.

డబ్బు తీయడానికి ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి వారం రోజులు తీసుకున్నాను. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఆ వారమే. లైవ్ పంపడానికి నేను వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో గణాంకాల కిటికీ తెరిస్తే తప్పిపోయిన ఫ్రేములను మూడు వేర్వేరు లెక్కలుగా చూపిస్తుంది. నెట్‌వర్క్ వల్ల పోయినవి ఒక లెక్క. అవి పెరిగితే తప్పు ఇంటర్నెట్‌ది. ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల పోయినవి రెండో లెక్క. అవి పెరిగితే వీడియోను కుదించే పనిని ప్రాసెసర్‌గానీ ఎన్‌కోడర్‌గానీ అందుకోలేకపోతున్నట్టు. రెండరింగ్ ఆలస్యం వల్ల పోయినవి మూడో లెక్క. అవి పెరిగితే గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరి సలపడం లేదని అర్థం. నాకు మొదటి లెక్క సున్నా, మూడోది నామమాత్రం, రెండోది మాత్రం నిమిష నిమిషానికీ పెరుగుతూ ఉండేది. నేను అప్పటిదాకా ఎన్‌కోడింగ్‌ను ఎక్స్264 పద్ధతిలో ప్రాసెసర్‌తోనే చేయిస్తున్నాను. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉన్న ప్రాసెసర్ మీద ఆటను, ఎన్‌కోడింగ్‌ను కలిపి మోపడమే తప్పని గ్రహించి, గ్రాఫిక్స్ కార్డులో ఆ పని కోసమే విడిగా ఉండే ఎన్‌వెంక్ ఎన్‌కోడర్‌కు మార్చాను. పైసా ఖర్చు లేని ఆ ఒక్క మార్పుతో చూసేవాళ్లకు బొమ్మ చాలావరకు బాగుపడింది. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లెవరైనా కొనుగోలు గురించి ఆలోచించకముందే ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

అయితే నా వైపు ఆట మాత్రం అలాగే తడబడుతూ ఉండేది. విడిగా ఆడితే సెకనుకు నూట ఇరవై దాకా వచ్చే ఫ్రేములు ఓబీఎస్, డిస్కార్డ్, బ్రౌజర్ తెరిచేసరికి అరవై, డెబ్బైకి పడిపోయేవి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నూరు శాతం దగ్గరే నిలిచి ఉంటే, గ్రాఫిక్స్ కార్డు మాత్రం యాభై అయిదు శాతం దగ్గర తీరిగ్గా ఉండేది. సందేహం మిగలకూడదని ఆట రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి చూశాను. కార్డు మీద అంత బరువు దిగినా ఫ్రేములు రెండు మూడుకు మించి పెరగలేదు. రిజల్యూషన్ తగ్గించినా వేగం పెరగకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసరే అనడానికి ఇంతకంటే సులభమైన పరీక్ష నాకు తెలియదు.

దుకాణాల్లో అడిగితే మొదట వచ్చిన సలహా "మొత్తం మార్చేయండి" అనే. కొత్త ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్, ప్రాసెసర్ కలిపి లెక్క వేస్తే ముప్పై వేలు దాటింది. నన్ను ఆదుకున్నది పాత బోర్డు మీద ఉన్న ఏఎం4 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. 2017లో మొదటి రైజెన్‌లు వచ్చిన సాకెట్‌లోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. నాతోపాటే 2018లో ఇంటెల్ ఎనిమిదో తరం బోర్డు కొన్న మిత్రుడికి తొమ్మిదో తరం దాటే వీలు లేకపోవడం చూశాక, ఈ సదుపాయం విలువ నాకు ఇంకా బాగా తెలిసింది.

ఏ ప్రాసెసర్ తీసుకోవాలన్నది రెండు మూడు రాత్రుల ఆలోచన. 5500 కొంచెం చవకే గానీ దాని ఎల్3 క్యాషె (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ. 5600లో అది 32 ఎంబీ. ఆటల్లో ఆ తేడా ఫ్రేముల్లో కనిపిస్తుంది కాబట్టి అక్కడ వెయ్యి రూపాయలకు చూసుకోవడం నాకు నచ్చలేదు. ఎనిమిది కోర్ల 5700ఎక్స్ మీద మనసు పోయింది. కానీ దాని డబ్బాలో కూలర్ రాదు. కూలర్ విడిగా కొంటే ర్యామ్‌కు డబ్బు మిగలదు. ఎన్‌కోడింగ్‌ను ఎలాగూ గ్రాఫిక్స్ కార్డే చేస్తున్నప్పుడు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు నా అవసరానికి చాలు. పైగా నా పాత 1200లో నాలుగు కోర్లు రెండు జంటలుగా విడిపోయి, రెండింటికీ కలిపి 8 ఎంబీ క్యాషెతో పనిచేసేవి. 5600లో ఆరు కోర్లూ ఒకే గుంపుగా మొత్తం 32 ఎంబీని పంచుకుంటాయి. కోర్ల లెక్క చూస్తే ఒకటిన్నర రెట్లే గానీ, అసలు తేడా అంతకు మించి ఉంటుందని అప్పుడే అనిపించింది. రెండింటి టీడీపీ (ప్రాసెసర్ ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పే లెక్క) కూడా 65 వాట్లే కావడంతో, నా 450 వాట్ల పవర్ సప్లైని, బోర్డును కదిలించాల్సిన పని పడలేదు.

కొనడానికి ముందే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పూర్తి చేశాను. పాత బయోస్ కొత్త ప్రాసెసర్‌ను గుర్తించదు, బోర్డు మీద పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయాలి. ఈ వరస తప్పితే కొత్త ప్రాసెసర్ బిగించి నల్లటి తెరను చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అప్‌డేట్ మధ్యలో ఏదైనా తేడా వచ్చినా, అప్పటికింకా నేనేమీ కొనలేదు కాబట్టి నష్టం బోర్డుతో ఆగుతుంది. బోర్డు పేరుతోపాటు దాని అంచున సన్నగా అచ్చువేసి ఉన్న రివిజన్ నంబరు కూడా టార్చి వేసి చూసుకుని, తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో 5600 ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసుకున్నాను. నా బోర్డుకు నేరుగా చివరి వెర్షన్‌కు వెళ్లే వీలు లేదు, మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించి తర్వాత చివరిదానికి వెళ్లాలని అదే పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

నా భయమంతా కరెంటు గురించే. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇన్వర్టర్ వెనుక చూస్తే యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని చిన్న స్విచ్ ఉంది. ఇన్నేళ్లుగా అది మామూలు మోడ్‌లోనే ఉండిపోయింది. యూపీఎస్ మోడ్‌కు మార్చి, ముందుగా మెయిన్ ఆపి చూసి, కంప్యూటర్ ఆగకుండా నడుస్తోందని నమ్మకం కుదిరాకే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఫైలు ఎక్కించాను. ఒక్కో అప్‌డేట్‌కు అయిదారు నిమిషాలు పట్టింది. అంతసేపూ కుర్చీలోంచి లేవలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే బస్సెక్కి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో దిగి, అక్కడి నుంచి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లాను. ఒక దుకాణంలో బిల్లు వద్దంటే ఎనిమిది వందలు తగ్గిస్తామన్నారు. బిల్లు లేకపోతే మూడేళ్ల వారంటీ అడగడానికి చేతిలో ఆధారం ఉండదు కాబట్టి వద్దన్నాను. ట్రేలో వచ్చే విడి ప్రాసెసర్ కూడా చూపించారు. దానికి డబ్బా లేదు, కూలర్ లేదు. చివరికి నాలుగో దుకాణంలో సీలు తీయని డబ్బా జీఎస్టీ బిల్లుతో తొమ్మిది వేల ఆరు వందలకు వచ్చింది. 3200 మెగాహెర్ట్జ్ 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండూ కలిపి మూడు వేల నాలుగు వందలు పడ్డాయి. బిల్లు కొట్టాక కౌంటర్ దగ్గరి కుర్రాడు సీలు నా ముందే తెరిచి, "అన్నా, పిన్నులు మంచిగ చూసుకొని తీస్కపో, ఇంటికి పోయినంక వంగినయంటే ఎవ్వరు మార్చరు" అన్నాడు. ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు సాకెట్‌లో కాక ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, మొత్తం 1,331. ఫోన్ వెలుతురును పక్కనుంచి వాలుగా వేసి చూస్తే వరసలన్నీ దువ్వినట్టు నిటారుగా కనిపించాయి.

ఆ పిన్నుల సంగతే ఇంట్లో నా మీదికి వచ్చింది. పాత కూలర్ కింద వేడిని దానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఆరేళ్లలో గట్టిపడి జిగురులా పట్టుకుంటుందని, తీసే ముందు ఆట ఆడి ప్రాసెసర్‌ను వేడెక్కించాలని చదివి ఉన్నాను. పావుగంట ఆడాను కూడా. అయితే కంప్యూటర్ ఆపి, వైర్లు పీకి, పెట్టెను పడుకోబెట్టి, మదర్‌బోర్డు వెనుక బ్యాక్‌ప్లేట్ జారిపోకుండా కాగితపు టేపు అంటించి, పొడవాటి స్క్రూడ్రైవర్ కోసం పక్కింటికి వెళ్లి వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. పేస్ట్ మళ్లీ బిగుసుకుపోయింది. నాలుగు స్క్రూలూ వదులు చేసి కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పకుండా, కొద్దిగా కదిలిందనిపించగానే పైకి లాగాను. సాకెట్ లివర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కుని ఊడి వచ్చింది. "టక్" మన్న ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

సాకెట్‌కు ఏమీ కాలేదు. ప్రాసెసర్ మూల దగ్గర ఒక్క పిన్ను మాత్రం పక్కదాని మీదికి వాలింది. చెల్లెలి హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్‌ను రెండు నిమిషాలు వేడి చేసి, ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని గడియారపు ముల్లు తిరిగే వైపుకు తిప్పితే అప్పుడు తేలిగ్గా విడివడింది. తర్వాత 0.5 మిల్లీమీటర్ల లెడ్ పెన్సిల్‌లోంచి లెడ్ తీసేసి, దాని ఇత్తడి మొనలోకి ఆ పిన్నును దూర్చి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. అది పావుగంట పని. పాతదాన్ని అమ్మి ఆ డబ్బును ఇందులో కలుపుకోవాలన్నది నా లెక్క కాబట్టి, దాన్ని పోగొట్టుకునే స్థితిలో నేను లేను.

కొత్తది కూర్చోబెట్టడం చిన్న పని. మూలన ఉన్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి సరిచూసి వదిలితే, వేలితో నొక్కకుండానే తన బరువుకు తానే దిగింది. డబ్బాలో వచ్చిన కూలర్‌కు పేస్ట్ ముందే పూసి ఉంది. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలల వరసలో రెండేసి చుట్లు తిప్పుతూ బిగించాను. ర్యామ్ స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాను. ఒకటీ రెండూ స్లాట్లలో పక్కపక్కన పెడితే డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసే పద్ధతి) రాదు.

స్విచ్ వేశాక ముప్పై నలభై సెకన్లు తెర నల్లగానే ఉండిపోయింది. కొత్త ర్యామ్‌ను బోర్డు సరిచూసుకోవడానికి మొదటిసారి అంత సమయం తీసుకుంటుందని తెలిసినా, ఆ అరనిమిషం నిలబడలేకపోయాను. తర్వాత "కొత్త ప్రాసెసర్ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (భద్రతా తాళాలను దాచే భాగం) సమాచారాన్ని రీసెట్ చేయమంటారా" అని వై, ఎన్ అక్షరాలతో తెర మీద ప్రశ్న వచ్చింది. నా డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) లేదు కాబట్టి వై నొక్కాను. బిట్‌లాకర్ ఉన్నవాళ్లు మాత్రం 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి, లేదంటే వాళ్ల డిస్కు వాళ్లకే తెరుచుకోదు. విండోస్‌ను మళ్లీ ఎక్కించాల్సిన పని పడలేదు. చిప్‌సెట్ డ్రైవర్ కొత్తది వేశాను. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరిక) ఆన్ చేసేదాకా ర్యామ్ 2400 దగ్గరే నడిచింది, ఆన్ చేశాక 3200 చూపించింది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఈ ఒక్క మీట మరిచిపోయి వదిలేసుకున్న వాళ్లు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు.

ఆ రాత్రి లైవ్‌లో వాలరెంట్ రెండు వందల ఫ్రేములకు పైన నడిచింది. అయినా గంట తర్వాత ఓబీఎస్ గణాంకాలు చూస్తే, ఇంతకుముందు నామమాత్రంగా ఉన్న మూడో లెక్క పెరగడం మొదలైంది. ప్రాసెసర్ అడ్డు తొలగడంతో గ్రాఫిక్స్ కార్డు తొంభై ఎనిమిది శాతానికి చేరి, ఓబీఎస్ తన దృశ్యాన్ని కూర్చుకోవడానికి చోటు లేకుండా పోయింది. నా మానిటర్ 144 హెర్ట్జ్‌ది. అంతకు మించిన ఫ్రేములు నా కంటికి చేరవు కాబట్టి ఆటను 144 దగ్గర కట్టేశాను. కార్డు డెబ్బై శాతానికి దిగింది, మూడు లెక్కలూ సున్నాకు వచ్చాయి. చూసేవాళ్లలో ఒకరు "అన్నా, ఇవ్వాళ కొత్త నెట్టా?" అని అడిగారు.

పాత 1200ను ఓఎల్ఎక్స్‌లో పెట్టి, పిన్ను వంగి సరిచేసిన విషయం ప్రకటనలోనే రాశాను. పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి పద్దెనిమిది వందలకు తీసుకున్నాడు, ఇంటికి వెళ్లి బిగించి డిస్‌ప్లే వచ్చాకే డబ్బు పంపమన్నాను. రాత్రికి పంపాడు. పాత ర్యామ్ ఏడు వందలకు పోయింది. మొత్తం పదమూడు వేల ఖర్చులో ఆ రెండు వేల అయిదు వందలు పోను, నాకు నికరంగా పడింది పదివేల అయిదు వందలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందన్న బెంగ కూడా దీనితోపాటే తీరింది. 1200 ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, 5600 ఉంది.

మే నెల వచ్చేసరికి వేడి గురించి మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో లైవ్ సమయంలో డెబ్బై దాటని ప్రాసెసర్, గదిలో ముప్పై ఎనిమిది డిగ్రీలున్న రోజుల్లో ఎనభై అయిదుకు చేరింది. ఈ ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌ను (ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని సరిచేసే అమరిక) అన్ని కోర్లకూ మైనస్ 15కు తగ్గించి, మూడు రాత్రులు పరీక్షించి, కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదని చూసుకున్నాక అలాగే ఉంచాను. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు దిగింది. కానీ కూలర్ ఫ్యాన్ రొద మైకులోకి వస్తూనే ఉంది. ప్రస్తుతానికి పెట్టెను బల్ల కిందికి దించి, మైకును నోటికి దగ్గరగా తెచ్చుకున్నాను. దసరాకు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ ఒకటి కొంటాను. పెట్టె లోపలి వెడల్పును టేపు పెట్టి ఇప్పటికే కొలిచి ఉంచుకున్నాను.