లైన్‌మన్ నరికిన జువ్వి కొమ్మ, నా బొన్సాయ్

మొన్న ఆదివారం నా జువ్వి చెట్టును బొన్సాయ్ ట్రేలోకి, అంటే లోతు తక్కువ కుండీలోకి, మార్చాను. మామూలుగా వేళ్ళు కత్తిరించి కుండీ మార్చిన చెట్టు నాలుగు రోజులు డీలా పడుతుంది. ఇది పడలేదు. ఒక్క ఆకు కూడా పండి రాలలేదు. ఇన్నేళ్ళూ దీని వెనక పడ్డ కష్టమంతా రాయాలని ఎప్పటినుంచో ఉంది. బెంగళూరులో మిద్దె మీద బొన్సాయ్ పెంచాలని ఆశపడే తెలుగువాళ్ళు చాలామంది తెలుసు నాకు. అందరూ మొదట మేపుల్ కోసమే, ఆకు ఎర్రబడే ఆ చలిదేశపు చెట్టు కోసమే, వెతుకుతారు.

నేనూ వెతికాను. మా బావమరిది అమెరికాలో చలి బాగా పడే ఊళ్ళో ఉంటాడు. పెరట్లో ట్రైడెంట్ అనే రకం మేపుల్ కొమ్మలు నాటి బొన్సాయ్ చేస్తాడు. చలికాలం చివర్లో, మొగ్గలు ఉబ్బకముందు, మణికట్టంత లావు కొమ్మ కోసి, గరుకు ఇసుకలో పాతి, పై కోతకు మైనం లాంటి ముద్ద పూస్తాడు. గింజ నుంచి పెంచితే ఆ లావు కాండం రావడానికి ఏళ్ళు పడుతుంది. కొమ్మ నాటితే లావు మొదటిరోజే చేతిలో ఉంటుంది, ఇక వేరు రప్పించడమే పని. అన్ని మేపుల్సూ దీనికి లొంగవు. జపనీస్ మేపుల్‌కు లావు కొమ్మ నాటడం కంటే గాలి అంటు కట్టడం (కొమ్మ చెట్టు మీదుండగానే దానికి వేరు రప్పించడం) మేలని వాడే చెప్పాడు. ట్రైడెంట్ మాత్రం మొండిది, లావు కొమ్మ కూడా వేరు పడుతుంది.

ఎంత మొండిదైనా దానికి చలినిద్ర కావాలి. వారాల తరబడి గట్టి చలిలో ఆకు రాల్చి పడుకుంటేనే వసంతంలో లేస్తుంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు సగటున పదిహేను, పదహారు డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ఈ ఊరి చరిత్రలోనే అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇక్కడ మేపుల్‌ను తెచ్చి నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడం చెట్టును హింసించడమే. ఇది తెలిసి కూడా మేపుల్ మొక్కలు అమ్మేవాళ్ళున్నారు. "మన వాతావరణానికి అలవాటు చేశాం" అంటారు. నమ్మకండి. డబ్బు పోతే పోయింది, ఏడాదికో రెండేళ్ళకో చెట్టు కళ్ళముందే నీరసించి పోతుంటే చూడాల్సి వస్తుంది.

నేను పుట్టింది కదిరి పక్కన. తిమ్మమ్మ మర్రిమాను మా వైపుదే. సుమారు అయిదెకరాలు పరుచుకున్న మాను, 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఊడ దించితే చాలు నేలను పట్టేసుకునే జాతి చెట్టు మన దగ్గర ఉంటే చలిదేశపు చెట్టు వెంట ఎందుకు పడటం? జువ్వి కూడా మర్రికి చుట్టమే. కన్నడంలో దాన్ని బసరి అంటారు. బెంగళూరు పాత రోడ్ల పక్కన చూసే ఉంటారు. ఏడాదికోసారి ఆకంతా రాల్చేసి, కొద్దిరోజుల్లోనే రాగిరంగు చిగురు తొడుగుతుంది. లేత ఎండ పడితే చెట్టంతా ఎర్రగా వెలుగుతుంది. మేపుల్‌లో నేను కోరుకున్న ఎరుపు మా వీధిలోనే ఉంది.

కొమ్మ దొరకడం తేలికే. వానలకు ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మల్ని కొట్టేస్తారు. కింద పడ్డవాటిలో ఒకటి తీసుకుంటానని లైన్‌మన్‌ను అడిగితే రంపంతో తనే ముక్క చేసి ఇచ్చాడు. ముంజేయంత లావు, మూరెడు పొడవు, మధ్యలో చక్కటి వంపు. మీరు మాత్రం రోడ్డు చెట్టు మీద కత్తి పెట్టకండి. కర్ణాటకలో చెట్ల సంరక్షణ చట్టం 1976 నుంచీ ఉంది, ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా చెట్టు కొట్టడానికి లేదు. కింద పడ్డ కొమ్మలు కావలసినన్ని దొరుకుతాయి.

నాటే పద్ధతి సగం బావమరిది చెప్పాడు, సగం మా నాయన చెప్పాడు. ఫోన్లో నా హడావుడి విని, "మునక్కొమ్మ నాటేదానికి ఇంత కతేందిరా? పైన పేడముద్ద పెట్టు, గాలికి ఊగకుండా చూస్కో, అంతే" అన్నాడు. నిజంగా అంతే. కోతల నుంచి కారే పాలు ఆగేదాకా కడిగాను. రంపం కోత గరుకుగా ఉంటుంది కాబట్టి అడుగును పదునైన కత్తితో నున్నగా చెక్కి, బెరడు మీద నిలువుగా నాలుగు గాట్లు పెట్టాను, గాటు దగ్గరే వేరు తొందరగా పుడుతుంది. వేరు పుట్టించే హార్మోన్ పొడి అద్దాను. పైకోతకు పేడముద్ద. ఇసుక సంగతి మాత్రం జాగ్రత్త. ఇప్పుడు దొరికేదంతా ఎమ్‌-శాండ్, అంటే రాయి పిండిచేసి తీసిన ఇసుక, దాంట్లో దుమ్ము ఎక్కువ. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగకపోతే కుండీలో సిమెంటులా గడ్డకట్టి అడుగు కుళ్ళిపోతుంది. నేను కడిగిన ఇసుకలో జల్లించిన ఇటుకముక్కలు సగానికి సగం కలిపాను. కొమ్మను కుండీ రంధ్రాల్లోంచి బైండింగ్ తీగతో బిగించి కట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, గ్రీన్ నెట్ కింద పెట్టాను.

కొద్ది వారాల్లోనే చిగురొచ్చింది. లావు కొమ్మలో నిలవున్న పిండిపదార్థంతోనే మొదటి చిగురు వచ్చేస్తుంది, వేరుతో పనిలేదు. కాబట్టి ఆకును చూసి వేరు పట్టిందనుకోకూడదు. అందుకే కవరు తీయలేదు, ఎరువు వేయలేదు. చిగురు వాడకుండా ముదిరి, దాని పైన రెండో చిగురు మొదలైంది. అప్పుడు నమ్మకం కుదిరింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణ బెంగళూరులో ఒక ఇంటి మిద్దె మీద బొన్సాయ్ క్లాసులు జరుగుతున్నాయని తెలిసి ఫీజు కట్టాను. నేర్పే ఆయన పేరు రాయను. ఎవరి మొక్కలు వాళ్ళు తెచ్చుకుంటే చూసి సలహా చెబుతానని ఆయనే చెప్పాడు. కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాను, గుంత వచ్చినప్పుడల్లా కాండాన్ని అదిమి పట్టుకుంటూ.

నా వంతు వచ్చింది. ఏ నర్సరీదని అడిగాడు. రోడ్డు మీద కొట్టేసిన కొమ్మ అని చెప్పాను. "జువ్వా? ఆకు పెద్దది, కణుపులు దూరం. ఇది పొయ్యిలోకి బాగుంటుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సరే, అనుభవం ఉన్న మనిషి, అభిప్రాయం ఆయనది అనుకున్నాను. తర్వాత అందరివైపు తిరిగి, "ఆకులు చూసి మోసపోకండి, వేరు లేకపోయినా ఆకులొస్తాయి, ఇప్పుడు చూడండి" అంటూ కట్టుతీగ తెంపి, నేను "ఉండండి సార్" అంటుండగానే కాండం పట్టుకుని పైకి లాగేశాడు.

ఇసుక జలజలా రాలింది. అడుగున గాట్లు పెట్టిన చోటల్లా తెల్లటి వేళ్ళు, పెసరమొలకల్లా లేతవి. సగం పుటుక్కున తెగి ఇసుకలోనే ఉండిపోయాయి. మిగతావి కాండానికి వేలాడుతున్నాయి. వేరు లేదని చూపిస్తానన్నాడు, వేరు కనిపించింది. పొరబడ్డానని ఒక్కమాట అనాలి కదా? అనలేదు. "చూశారా, లేత వేళ్ళు, కదిలిస్తే ఇలాగే తెగిపోతాయి" అని దాన్నే పాఠంగా చెప్పాడు. కదిలించింది ఆయనే! ఒకతను దాన్నంతా ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ఆయన నా చెట్టును బల్లమీద పడేసి పక్కవాళ్ళ బోగన్‌విల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

జూన్ గాలి మిద్దె మీద ఎలా వీస్తుందో బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెరిచిపెట్టిన వేరు ఆ గాలికి నిమిషాల్లో ఎండిపోతుంది. నలభై దాటిన మనిషిని, అంతమంది మధ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు ఆడలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. చిత్తూరు వైపు యాస. "తెలుగోళ్ళా నాయనా? అట్ల చూస్తా నిలబడితే ఎట్ల?" అంటూ తన గుడ్డసంచిని నీళ్ళ బకెట్లో ముంచి వేళ్ళ చుట్టూ చుట్టింది. తన కత్తెరతోనే ఒక్కో ఆకూ కత్తిరించడం మొదలుపెట్టింది, కాడలు మాత్రం ఉంచి. ఆకులు పోతున్నాయే అని నేను అడ్డుపడబోతే, "ఏరు సగమయ్యింది గదా. ఇన్ని ఆకులు తాగే నీళ్ళు యాడ్నుంచి తెస్తుంది? ఆకు మళ్ళొస్తాది. ఇంటికి ఎత్తుకోని పో, ఇంక రేపట్నుంచి దాన్ని ముట్టుకోవద్దు" అంది. ఆ ఫీజు మొత్తానికి నేను నేర్చుకున్నది ఆ నాలుగు మాటలే, అవీ గురువు చెప్పినవి కావు.

బయల్దేరేటప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి, మీరు నన్ను అడగకుండా లాగకూడదు సార్ అన్నాను. "మొక్కలన్నాక పోతుంటాయి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. పోతాయి, నిజమే. తెగులొచ్చి పోతాయి, ఎండకు పోతాయి. బతుకుతున్నదాన్ని పదిమందికి చూపించడానికి పెరికేస్తే దాన్ని పోవడం అనరు. ఎదుటివాడు తన చెట్టు తెచ్చి మన చేతిలో పెట్టాడంటే మనల్ని నమ్మాడని అర్థం. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, ఎన్ని బహుమతులు వచ్చినా, ఆ నమ్మకాన్ని కాపాడటం రానివాడు నేర్పడానికి పనికిరాడు. క్లాసులో చేరేముందు ఒకసారి ఊరికే వెళ్ళి కూర్చుని, ఆయన పక్కవాళ్ళ మొక్కల్ని ఎలా పట్టుకుంటాడో చూడండి. తన సొంత చెట్ల ఫోటోలు చూసి చేరకండి.

ఆ రాత్రే తెగిన వేళ్ళ కొసల్ని కత్తెరతో నున్నగా చేసి, మళ్ళీ కడిగిన ఇసుకలో పాతి, ఈసారి తీగతో మూడువైపులా బిగించాను. కవరు తొడిగి, గాలి తగలని వంటింటి బాల్కనీలో పెట్టాను. ఒక్క ఆకు లేని మొద్దు. పాలుపోసే అబ్బాయి కూడా "ఏంటి సార్ ఈ కట్టె" అని అడిగాడు. మా ఆవిడ రోజూ చూసి చూసి, ఒకరోజు "ఏమండీ, అసలు బతికుందా లేదా తెలుసుకోకుండా ఎన్నాళ్ళు కాపలా కాస్తాం?" అని సూది తెచ్చింది. బెరడు మీద సన్నగా గుచ్చింది. తెల్లటి పాలచుక్క ఊరి నిలబడింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మీకు అనుమానం వస్తే ఇలా సూదిమొనతో చూడండి, అదీ ఒక్కసారే. పైకి లాగి మాత్రం చూడొద్దు.

శ్రావణం వచ్చేసరికి కత్తిరించిన కాడల పక్కనుంచి ఎర్రటి మొగ్గలు పొడుచుకొచ్చాయి. తర్వాత కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్ల వేరు బయటికి తొంగిచూసింది.

అక్కడి నుంచి అంతా సాఫీగానే సాగింది. బొన్సాయ్ కుండీలోకి తొందరపడి మార్చకుండా, మదనపల్లె, కోలారు మార్కెట్లలో టమాటాలు పోసే ప్లాస్టిక్ క్రేటులో పెంచాను. చుట్టూ కన్నాలుంటాయి కాబట్టి వేరుకు గాలి ఆడుతుంది, వేళ్ళు ఒకచోటే చుట్టుకోవు. పైన బారుగా పెరిగిన కొమ్మను సగానికి నరికి, పక్క కొమ్మను అల్యూమినియం తీగతో లేపి కొత్త తల చేశాను. కాండం అడుగున లావు, పైకి సన్నం కావాలంటే ఇలా నరుకుతూ పెంచడమే దారి. ఆకు పెద్దదన్నాడు కదా ఆయన! వేసవిలో ఆకంతా దూసేస్తే తర్వాత వచ్చే ఆకు చిన్నదవుతుంది. ఇప్పుడు నా జువ్వి ఆకు నా బొటనవేలంత ఉంది. వంపు కాండం, అడుగున పరుచుకున్న వేళ్ళు, పైన గొడుగులా కొమ్మలు. చూసినవాళ్ళు నర్సరీలో ఎంతకు కొన్నారని అడుగుతున్నారు. గర్వంగా చెబుతున్నాను, పైసా పెట్టి కొన్నది కాదని.

ట్రేకు మాత్రం ఖర్చు పెట్టాల్సి వచ్చింది. బయటిదేశపు ట్రేల ధరలు వింటే కళ్ళు తిరుగుతాయి. అడుగున పెద్ద కన్నాలు, కాళ్ళు ఉంటే మన కుమ్మరి చేసిన మట్టి ట్రే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కొనడానికి ముందు లాల్‌బాగ్‌లో బొన్సాయ్ తోట చూడండి. వీలైతే మైసూరు దత్తపీఠంలో ఉన్న కిష్కింధ మూలికా బొన్సాయ్ తోటకు వెళ్ళండి. మన మట్టి చెట్లు ట్రేలో ఎలా నిలబడతాయో చూశాక మేపుల్ మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

ట్రేలోకి మార్చిన రోజే ఆ చిత్తూరు పెద్దావిడకు ఫోటో పంపాను. ఆమె ఫోన్ నంబరు ఆ రోజే తీసుకున్నాను. రాత్రికి జవాబొచ్చింది. "బాగుంది నాయనా. ట్రే లోతు తక్కువ, మే నెలంతా రెండుపూట్లా నీళ్ళు పొయ్యి. ఎడమపక్క కింది కొమ్మ ఇంకా లావవ్వాల, ఈ ఏడు దాన్ని కత్తిరించొద్దు."