50 మీటర్ల ప్రోన్‌లో నా గ్రూపు దగ్గరపడిన క్రమం

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేయి కుదిరిన తరువాత, కోచ్ గారి సలహా మేరకు పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకొని కాల్చే పద్ధతి, సాధన మొదలుపెట్టాను. 20 జౌళ్లకు మించని పాయింట్ వన్ సెవెన్ సెవెన్ (0.177 అంగుళాల) ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అవసరం లేదు. పాయింట్ టూటూ మందుతో పేలే ఆయుధం కనుక దానికి లైసెన్సు ఉండి తీరాలి. అందువల్ల నా సాధన అంతా క్లబ్బు రైఫిల్‌తో, హైదరాబాద్‌లో, రేంజి వేళల్లోనే సాగింది. మా నగరపు షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన తరువాత మా నగరంలో రైఫిల్ పట్టిన పిల్లలు చాలామందే ఉన్నారు గానీ, వారిలో ఎక్కువ మంది పది మీటర్ల దగ్గరే ఆగిపోతారు. తూటాల ఖర్చు అందుకు ఒక కారణం.

50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. ఒక వలయానికీ మరో వలయానికీ మధ్య ఉండే దూరం 8 మిల్లీమీటర్లు. నా గ్రూపు, అంటే వరుసగా కాల్చిన తూటాల గుర్తుల గుంపు, మొదట్లో ఎనిమిది వలయం దాకా చెదిరేది. అది కూడా గుండ్రంగా కాదు, నిలువుగా సాగి ఉండేది. స్కోరు కన్నా ఆ ఆకారాన్ని ముందు చదవమని కోచ్ గారు చెప్పారు. గ్రూపు అడ్డంగా సాగితే గాలినో, ట్రిగ్గర్ వేలినో, శరీరం తిరిగి ఉన్న దిశనో చూడాలి. నిలువుగా సాగితే ఊపిరినో, తూటాల వేగంలోని తేడానో అనుమానించాలి. ఈ రెంటిలో నాది ఏదో తేల్చడానికి ముందుగా షూటర్‌ను లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించాం.

రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, గాలి నిలిచి ఉండే తెల్లవారు వేళ, ఐదేసి తూటాల గ్రూపులు వరుసగా కాల్చాను. ఒక్క గ్రూపు చూసి మంచిచెడ్డలు తేల్చడం సరికాదు, ఎందుకంటే ఐదు తూటాలు యాదృచ్ఛికంగా ఒకచోట పడడం అరుదేమీ కాదు. అంతకుముందే కోచ్ గారు రైఫిల్ గొట్టాన్ని పట్టి ఉంచే స్టాక్ మరలను, బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూశారు. పాయింట్ టూటూది రిమ్‌ఫైర్ తూటా, అందులో మందును రగిలించే పదార్థం అడుగున ఉండే అంచులోనే ఉంటుంది, కాల్చిన కేసును మళ్లీ నింపుకునే వీలు లేదు. కాబట్టి షూటర్ చేతిలో ఉన్న స్వేచ్ఛ అంతా లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) ఎంపికలోనే ఉంది. ఒకే కంపెనీ, ఒకే రకం, వేర్వేరు లాట్ నంబర్లు ఉన్న పెట్టెలతో కాల్చితే, ఒక లాట్ స్పష్టంగా నిలువుగా సాగింది, మరొకటి దాదాపు గుండ్రంగా నిలిచింది. దీనికి లెక్క కూడా సరిపోతుంది: సెకనుకు 325 మీటర్ల వేగంతో వెళ్లే తూటా 50 మీటర్లు దాటేలోపు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, వేగంలో పది మీటర్ల తేడా వస్తే ఆ జారుడులో 7 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది, అంటే దాదాపు ఒక వలయం. ఒక రకం నుంచి మరొక రకానికి మారినప్పుడు తూటా మీది మైనపు పూత బ్యారెల్‌లో కుదురుకునేదాకా కొన్ని తూటాలు లెక్కలోకి తీసుకోకూడదన్నది కూడా అప్పుడే తెలుసుకున్నాను. ధర ఎక్కువ ఉన్న తూటా తప్పకుండా మెరుగ్గా పడుతుందన్న మాట రేంజిలో తరచూ వినిపిస్తుంది. ఆ బ్యారెల్‌కు నచ్చిన లాటే మంచి తూటా అన్నది నా అభిప్రాయం.

ఆ లాట్‌తో నేల మీద పడుకొని కాల్చితే గ్రూపు కొంత తగ్గింది గానీ, ఇసుక సంచుల మీద వచ్చినంత కాదు. మిగిలిన తేడా నా శరీరానిదని అర్థమైంది. ఇక్కడే నేను ఎక్కువ కాలం గడిపాను, ఎక్కువ ఫలితం కూడా ఇక్కడే వచ్చింది. కుడిచేతి షూటర్‌కు ఎడమ మోచేయి ఇరుసు వంటిది. స్లింగ్ (రైఫిల్‌ను చేతికి కట్టే పట్టీ) బిగించి, గురి కుదిరాక, కళ్లు మూసుకొని రెండు మూడు ఊపిరులు తీసి, ఒంటిని పూర్తిగా వదిలేసి, తిరిగి కళ్లు తెరవాలి. అప్పుడు గొట్టం చివర ఉండే ముందు సైట్ వలయంలో టార్గెట్ నల్లటి గుండ్రం మధ్యలో ఉంటే శరీరం సరైన దిశలో ఉన్నట్టు. గురి ఎడమకు జరిగి కనిపిస్తే చేతులతో నెట్టకూడదు. మోచేయి కదపకుండా నడుమును కాస్త ఎడమకు జరిపితే బ్యారెల్ కుడికి వస్తుంది. చేతి బలంతో లాగి నిలిపిన గురి, ట్రిగ్గర్ విడిన క్షణంలో మళ్లీ తన చోటికే పోతుంది, తూటా కూడా దానితోపాటే పోతుంది.

నిలువు చెదురులో ఇంకొంత స్లింగ్ నుంచే వస్తోందని తరువాత తేలింది. పట్టీ భుజానికి మరీ దిగువన, కండ మీద బిగిస్తే రక్తనాళం కొట్టుకోవడం సైట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. నల్లటి గుండ్రం గుండెచప్పుడుతో పాటు చిన్నగా ఎగురుతుంది. పట్టీని పైకి జరిపి, జాకెట్ మడతలు సరిచేసి, రైఫిల్ బరువు ఎముకల మీద పడేలా చూసుకుంటే ఆ కదలిక చాలావరకు అణిగింది. ముందు సైట్‌లో వలయాన్ని ఒక సైజు పెద్దది వేయమని కోచ్ గారు అన్నప్పుడు సందేహించాను. కానీ గుండ్రం చుట్టూ తెలుపు కాస్త ఎక్కువగా కనిపించడంతో మధ్యకు తేవాలన్న ఆరాటం తగ్గి, ట్రిగ్గర్ సకాలంలో విడిచే అలవాటు వచ్చింది. ఆరాటపడే వేలు కన్నా తెలుపు కాస్త ఎక్కువైన గురి మేలు.

క్లబ్బు రైఫిల్‌ను ఇంటికి తెచ్చుకోలేం కనుక, డ్రై ఫైర్ రేంజిలోనే, తూటా వేయకుండా, ఆ రైఫిల్‌కు కోచ్ గారు అనుమతించిన ట్రిగ్గర్ అమరికతో చేసేవాణ్ణి. రిమ్‌ఫైర్ రైఫిల్‌ను ఉత్తగా పేలిస్తే పిన్ను తూటా గది అంచుకు తగిలి దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఇంటి దగ్గర ఎయిర్ రైఫిల్‌తో పట్టు, ఊపిరి, విడుపు తరువాత కూడా గురి చూస్తూ ఉండడం సాధన చేశాను.

ఆఖరున మిగిలింది గాలి. సెకనుకు 2 మీటర్ల పక్కగాలి 50 మీటర్ల దగ్గర తూటాను సుమారు ఒక సెంటీమీటరు నెడుతుంది, అంటే పదిలో పడాల్సిన తూటా తొమ్మిదికి పోతుంది. మార్చి తరువాత మన దగ్గర ఎండ వేడికి గురి అలల్లా ఊగుతుంది, మధ్యాహ్నానికి గాలి దిశ కూడా నిలకడగా ఉండదు. జెండాలు ఒకే తీరుగా ఊగే సమయం కోసం ఆగి కాల్చడం, ఆ తీరు మారితే రైఫిల్ దించేయడం అలవాటు చేసుకున్నాను. సైట్ క్లిక్కులు తిప్పి గురిని జరపడం గాలి నిలకడగా ఒకే వైపు ఉన్నప్పుడు మాత్రమే. 654 గరిష్ఠంగా ఉండే 60 తూటాల దశాంశ స్కోరులో (వలయంలో పదో వంతులు కూడా లెక్కించేది) మొదట 590 చుట్టూ తిరిగిన నేను ఇప్పుడు ఉదయపు వేళల్లో 610 దాటుతున్నాను. గ్రూపు అడ్డంగా సాగిన రోజున మొదట జెండాల వైపు చూస్తాను, తరువాత నడుము సరిచూసుకుంటాను. నిలువుగా సాగిన రోజున పట్టీని, పెట్టె మీది లాట్ నంబరును చూస్తాను.