జట్లు పంచే ఆ రెండు నిమిషాలు

ఈరోజు తొమ్మిదో తరగతికి వాలీబాల్. జట్లు నేనే వేసి, పేర్లు రాత్రే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి "ఎవరు కావాలో పిలుచుకోండి" అనడం నాకు సుతరామూ నచ్చదు. చివర్లో మిగిలే ఇద్దరు ముగ్గురూ షూ లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటూ ఉంటారు. ఆట మొదలవకముందే వాళ్లకు ఆట మీద మనసు విరిగిపోతుంది.

సర్వ్ ఎక్కడి నుంచి చేయాలో ఎవరిష్టం వాళ్లదన్నాను. నెట్ దగ్గరికొచ్చి కొట్టిన ఒకడు, బంతి అవతల పడగానే ఎవరూ చెప్పకుండానే రెండడుగులు వెనక్కి జరిగాడు. తనిష్టంతో చేస్తున్నానని, తనకు చేతనవుతుందని, నలుగురిలో తనకూ చోటుందని అనిపిస్తే మనిషికి హుషారు లోపలి నుంచే వస్తుందంటారు డెసి, ర్యాన్ అనే సైకాలజిస్టులు. మనమేమో తప్పు చేసినవాణ్ణి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తాం. పరుగును శిక్షగా వాడి, ఆ తర్వాత పరుగంటే ఇష్టపడమంటే ఎవరు ఇష్టపడతారు?

ఎప్పుడూ కడుపునొప్పి అని గోడవారగా కూర్చునే అమ్మాయికి ఇవాళ విజిల్ ఇచ్చాను. రెఫరీ, స్కోరర్, కోచ్ పనులు పిల్లలే వంతులవారీగా చేయడం వ్యాయామ విద్యా నిపుణుడు డారిల్ సీడెన్‌టాప్ రూపొందించిన బోధనా పద్ధతిలో ఒక భాగం. క్లాసులో స్మాష్‌కు పేరున్న కుర్రాడు నెట్ తాకాడు. విజిల్ మోగింది.

"తగల్లేదు!"

"తగిలింది. నెట్ ఊగింది."

వాడు నా వైపు చూశాడు. నేను నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ ఊరుకున్నాను. (తగిలింది, నేనూ చూశాను.) గొణుక్కుంటూనే బంతిని అవతలి జట్టుకు దొర్లించాడు. ఆ తర్వాత బంతి గీత మీద పడ్డప్పుడు మాత్రం నన్ను కాదు, ఆ అమ్మాయినే అడిగాడు.

ఈ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వారానికి రెండు పీరియడ్లతో అది తీరేది కాదు. బడి బయట కూడా ఆడాలనిపించాలి. ఆటల ద్వారా పిల్లలకు బాధ్యత నేర్పడానికి వ్యాయామ విద్యా నిపుణుడు డాన్ హెల్లిసన్ చెప్పిన మెట్లలో చివరిదీ అదే: ఇక్కడ నేర్చుకున్నది బయటి జీవితంలోకి తీసుకెళ్లడం. ఒక్క విజిల్‌తో అంత దూరం వెళ్తామని నేననుకోను.

వచ్చే క్లాసులో స్కోరు రాయాల్సింది ఆ స్మాష్ కుర్రాడే. "నేనెందుకు సార్, ఆడతాను కదా!" అన్నాడు. పేరు మాత్రం రాసేశాను.